సిమ్యులేషన్ ఉద్యోగానికి ఇంకో కోర్సు కావాలా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ (యంత్రభాగం లోడును ఎలా తట్టుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కించేది) కోర్సు ఒకటి చేశాను. ఇంటర్వ్యూలో, రంధ్రంలో ఉన్న పిన్ను నుంచి వచ్చే లోడును మోడల్‌లో ఎలా ఇస్తావని అడిగారు. రంధ్రం లోపలి ఉపరితలం మొత్తానికీ ఫోర్స్ ఇస్తానన్నాను. ఎంపిక కాలేదు. ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీకు తెలియాల్సింది మరో సాఫ్ట్‌వేర్ కాదు, లోడు నిజంగా ఎక్కడ పడుతుందన్న సంగతి. పిన్ను రంధ్రాన్ని నెట్టగలదే గానీ లాగలేదు. అందుకే లోడు ఒకవైపు సగం మీదే, అంటే 180 డిగ్రీల మేర పడుతుందని లెక్కిస్తారు. నెట్టే దిశలో ప్రెజర్ అత్యధికం, రెండు పక్కలకూ పోయేకొద్దీ తగ్గి సున్నా అవుతుంది. మొత్తం ఉపరితలానికి ఫోర్స్ ఇస్తే, వెనక సగాన్ని పిన్ను పట్టుకుని లాగినట్టవుతుంది. అయినా మొత్తం బలం మారదు కాబట్టి భాగాన్ని పట్టి ఉంచే సపోర్టుల దగ్గర రియాక్షన్, అంటే ఎదురు బలం, సరిగ్గానే వస్తుంది. చాలామంది అది చూసి నిశ్చింతగా ఉండిపోతారు. తప్పంతా రంధ్రం చుట్టూ వచ్చే స్ట్రెస్‌లో, అంటే పదార్థం లోపలి ఒత్తిడిలో ఉంటుంది, భాగం విరిగేదీ ఎక్కువగా అక్కడే.

యాన్సిస్, సాలిడ్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ ఇలా సగం మీదే లోడు ఇవ్వడానికి బేరింగ్ లోడ్ అనే ఆప్షన్ ఉంది. నొక్కడం తేలికే. ముందు చేత్తో లెక్క వేయండి. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 10, బలం 10,000 న్యూటన్లు అనుకుందాం. బలాన్ని వ్యాసం, మందాల లబ్ధంతో భాగిస్తే సగటు 50 మెగాపాస్కల్స్. ప్రెజర్ కొసైన్ ఆకారంలో ఉంటే గరిష్ఠం దానికి 4/π రెట్లు, దాదాపు 64.

తర్వాత అదే భాగాన్ని మూడు రకాలుగా నడపండి: ఉపరితలం మొత్తానికీ ఫోర్స్, బేరింగ్ లోడ్, పిన్నును కూడా గీసి కాంటాక్ట్ (పిన్ను, రంధ్రం ఎక్కడ తాకుతాయో సాఫ్ట్‌వేరే లెక్కించే పద్ధతి). రంధ్రానికి దూరంగా మూడింటిలోనూ స్ట్రెస్ దాదాపు ఒకేలా వస్తుంది, దగ్గర తేడాలొస్తాయి. పిన్ను వదులుగా ఉంటే తాకే మేర 180 డిగ్రీల కన్నా తగ్గి, గరిష్ఠ ప్రెజర్ పెరుగుతుంది. అప్పుడు బేరింగ్ లోడ్ చాలదు, కాంటాక్ట్ చేయాల్సిందే. ఇది మీ అంతట మీరు చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవారికి మీ మీద గురి కుదురుతుంది.

రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ పేర్ల కన్నా పైన ఈ పోలికను రెండు వాక్యాల్లో రాయండి. కోర్సు ఫీజు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.