నామినేషన్ వేసే ముందు

అల్లుడికి మామ ఆశీస్సులు.

వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం ఊరికి పది మంది చేత నామినేషన్లు వేయిస్తానని తిరుగుతున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే టెన్షన్. మన జిల్లాకు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరిలో కూలినప్పటి నుంచి నీ కోపం నాకు తెలుసు. ఆపడానికి రాయడం లేదు. లెక్క చూసుకొని దిగమంటున్నాను.

1996లో మన నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయినవాళ్లు, వాళ్ల తరఫువాళ్లు కృష్ణా నీళ్లు కావాలని వేసిన నామినేషన్లే ఎక్కువ. బ్యాలెట్ పుస్తకమంత లావైంది, పోలింగే వాయిదా పడింది. అప్పుడు నేను టీచర్ని, ఎన్నికల డ్యూటీ పడింది. ఆ బ్యాలెట్‌ను మడవలేక ముసలోళ్లు పడ్డ తిప్పలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మన గోడు ఢిల్లీకి వినబడింది. కాకపోతే నీళ్ల కంటే ముందు చట్టం వచ్చింది. ఆ ఏడే డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు, ఇండిపెండెంట్‌కు పది మంది ప్రతిపాదకులు, అంటే నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటర్లు, ఉండాలన్నారు. 2010లో డిపాజిట్ 25,000 చేశారు. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం.

చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ పైసలు తిరిగి రావు. వంద మందికి పాతిక లక్షలు పోయినట్టే అనుకో. మేకలు అమ్మి కట్టమని ఎవరికీ చెప్పకు.

పోలింగ్ ఆగుతుందన్న ఆశ కూడా వద్దు. 2019లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడితే 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టి ఎన్నిక జరిపించేశారు. ఇప్పటి మిషన్లకు నోటాతో కలిపి 384 పేర్లు పడతాయి. దాన్ని దాటించాలంటే, అందరూ జనరల్ అయితే, 96 లక్షలు కావాలి.

అందుకే ముగ్గురో నలుగురో చాలు, కానీ ఒక్క నామినేషనూ స్క్రూటినీలో, అంటే అధికారి పరిశీలనలో, పోకూడదు. ఎక్కువ పోయేది ప్రతిపాదకుల దగ్గరే. పది మందీ నల్లగొండ లోక్‌సభ ఓటర్లే కావాలి. మర్రిగూడ చుట్టాల సంతకాలు పెట్టిస్తావేమో, అది మునుగోడు నియోజకవర్గంలోది, మునుగోడు 2009 నుంచి భువనగిరి సీటు కిందికి పోయింది. ఓటు హైదరాబాద్‌కు మార్చుకున్నవాళ్లూ పనికిరారు. పార్ట్ నంబరు, వరుస నంబరు జాబితాలో చూసి రాయి. వేలిముద్ర వేసేవాళ్లను అధికారి ముందుకే తీసుకుపోవాలి. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు, లేకపోతే లేదని రాయి. ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. ఓడినవాళ్లు మరిచిపోయేది ఇదే, దీనికి మూడేళ్ల అనర్హత పడొచ్చు.

ఇండిపెండెంట్లను అసలు పోటీకే రానివ్వొద్దని 2015లో లా కమిషన్ సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు. పెద్ద పార్టీ గుర్తును పోలిన గుర్తుతో, పేరును పోలిన పేరుతో నిలబడే డమ్మీలు ఉన్నారన్నది నిజమే. అయితే డిపాజిట్ పెంచితే ఆగేది డమ్మీ కాదు, బత్తాయి రైతు. డమ్మీ పైసలు వేరేవాడు కడతాడు. నన్నడిగితే డిపాజిట్ తగ్గించి సంతకాలు వందో రెండు వందలో చేస్తే సరి. తిరగడానికి కాళ్లుంటే చాలు కదా.

ఆదివారం దేవరకొండ వస్తున్నా. ఓటరు జాబితా ప్రింటు తీసి పెట్టు. మీ అమ్మకు మాత్రం మామ వద్దన్నాడనే చెప్పు.

మీ మామ