తండ్రికి టీబీ వచ్చిన ఇంటి సంబంధం చేసుకోవచ్చా?

"అమ్మాయి తండ్రికి ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది, అది వంశపారంపర్యమా, సంబంధం వదులుకోవాలా" అని అడిగారు. వదులుకోకండి. టీబీ క్రిమి గాలిలో వస్తుంది, వంశంలో రాదు. ఒంట్లో చేరిన క్రిమిని అణిచి ఉంచే శక్తిలో మాత్రం కొంత అమ్మానాన్నల నుంచి వస్తుంది. క్రిమి చేరినవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితంలో ఎప్పుడో జబ్బు బయటపడుతుంది.

మా చెల్లి పెళ్లిచూపుల్లోనూ ఇదే గొడవ. అబ్బాయి తల్లి పెసరట్టు ఉప్మా తిని, చెయ్యి కడుక్కొచ్చి, "అన్నయ్యగారికి అప్పట్లో ఏదో దగ్గు జబ్బు చేసిందట కదా" అంది. నాన్న మారుమాట్లాడకుండా లోపలికెళ్లి పాత ఎక్స్‌రేలు, మందుల కార్డు తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. పిల్లను చూడ్డానికొచ్చినవాళ్లు ఎక్స్‌రేని కిటికీ వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పారు, ఏదో అర్థమైనట్టు! చెల్లి ఆ పట్టుచీరలో అలా కూర్చునే ఉంది. మర్నాడు పెళ్లిళ్ల పేరయ్య ఫోను: జాతకాలు కలవలేదట. జాతకాలు చూసుకునే కదయ్యా వచ్చింది? ఫీజు మాత్రం ముందే పుచ్చుకున్నాడు.

నాకు ఒళ్లు మండిందెక్కడంటే, వాళ్లింట్లో తరతరాలుగా మేనరికాలే. జన్యువుల మీద అంత పట్టింపు ఉన్నవాళ్లు ముందు అది చూసుకోవాలి. రోగాలతో పోరాడే శక్తికి పనికొచ్చే టైక్2 అనే జన్యువులో ఒక మార్పుంది, యూరప్ మూలాలున్నవాళ్లలో ఎక్కువ. అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వచ్చినవాళ్లకే టీబీ ముప్పు బాగా పెరుగుతుంది. ఇంకా అరుదైన జన్యు లోపాలు కొన్నున్నాయి, వాటితో పుట్టిన పసిబిడ్డకు టీబీ రాకుండా వేసే బీసీజీ టీకాయే జబ్బై కూర్చుంటుంది. అలాంటివి దగ్గర చుట్టాల మధ్య జరిగిన పెళ్లిళ్లలోనే ఎక్కువగా బయటపడతాయి. నన్నడిగితే పెళ్లిచూపుల్లో జన్యువుల గురించి వెయ్యాల్సిన ప్రశ్న ఈ మేనరికాల సంగతొక్కటే.

మా నాన్నను పుట్టుక ఇబ్బంది పెట్టింది మందుల దగ్గరేనని నా గట్టి నమ్మకం. కోర్సు మధ్యలో కామెర్లొచ్చాయి. ఐసోనియాజిడ్ అనే టీబీ మందుని ఒంట్లో నెమ్మదిగా కరిగించే జన్యువున్నవాళ్లు మన దేశంలో సగానికి పైనే, వాళ్ల కాలేయానికి ముప్పు ఎక్కువ. వాంతులైతే వెంటనే రమ్మని ఆ డాక్టరు ఒక్కమాట చెప్పుంటే సరిపోయేది.

అసలు జన్యువుల కన్నా కంచంలో ఏముందో అడగాలి. జార్ఖండ్‌లో 2019-22 మధ్య టీబీ రోగుల ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూస్తే, కొత్తగా జబ్బుపడేవాళ్లు దాదాపు 40 శాతం తగ్గారు.

మీరు కనుక్కోవాల్సిందల్లా ఆయన కోర్సు పూర్తిగా వాడారా, ఇప్పుడు దగ్గు, జ్వరం లాంటివేమైనా ఉన్నాయా అని. అదీ మర్యాదగా, టిఫిన్లకు ముందే అడగండి.