మళ్లీ వాడుకునేలా కట్టాలంటే ఏ మెటీరియల్ మంచిది: వెదురా, ఫ్లై యాష్ ఇటుకా, స్టీలా?

మూడింట్లో ఏదైనా ఫర్వాలేదు. ముందు చూడాల్సింది రెండు వస్తువులు కలిసే చోట ఏం పెడుతున్నారన్నది. అతుకు విప్పగలిగితే మామూలు ఎర్ర ఇటుక కూడా రెండు మూడు కట్టడాలకు పనికొస్తుంది. విప్పలేకపోతే ఎంత పెద్ద గ్రీన్ లేబుల్ ఉన్న ప్యానెలైనా చివరికి చెత్తకుప్పకే.

సున్నం మాలుతో కట్టిన పాత గోడని విప్పేటప్పుడు గమనించండి. పై వరస నుంచి మొదలుపెట్టి, ఉలిని అతుకులో అడ్డంగా పెట్టి ఒక్క దెబ్బ వేస్తే ఇటుక లేచి వస్తుంది. దానికి పట్టుకున్న మాలు సుత్తి అంచుతో గీకితే పొడిగా రాలిపోతుంది. అదే గోడ 1:3 సిమెంటు మాలుతో (ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక) కట్టి ఉంటే మాలు అలాగే ఉంటుంది, ఇటుక మూల ఊడి చేతికొస్తుంది. ఇటుకకంటే మాలు గట్టిపడితే పగులు ఇటుకలోంచే పోతుంది మరి. కోపెన్‌హేగెన్‌లో రిసోర్స్ రోస్ అనే ఇళ్ల సముదాయానికి పాత గోడల ఇటుకలు వాడాలనుకున్నప్పుడు ఇదే అడ్డొచ్చింది. మాలు వదలకపోవడంతో గోడల్నే సుమారు చదరపు మీటరు ముక్కలుగా కోసి కొత్త గోడలకు తొడిగారు. బాగానే ఉంది, కానీ రంపం ఖర్చు, క్రేను ఖర్చు, వెనక ఫ్రేము ఖర్చు అన్నీ ఆ మాలు వల్ల వచ్చినవే.

బరువు మోయని లోపలి గోడలకి 1:3 మాలు అనవసరం. సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 చాలు, పొడిగా ఉండే చోట 1:2:9 కూడా సరిపోతుంది. ఈ పాళ్లు ఘనపరిమాణం ప్రకారం, అంటే ఒకే గమేళాతో కొలవాలి. సున్నం కలిసిన మాలు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి మొదటి రోజుల్లో వాన తగలకుండా కప్పండి. పునాదిలో, నేల తడి తగిలే వరసల్లో 1:2:9 వద్దు. బరువు మోసే గోడలకీ, భూకంప ప్రాంతాల్లోనూ పాళ్లు ఇంజనీరే తేల్చాలి. ఇంకో తప్పు తరచూ జరుగుతుంది: మెత్తటి మాలుతో కట్టి, పైన చిక్కటి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తారు. లోపలి తడి బయటికి పోదు, ప్లాస్టరు ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది.

స్టీలుకీ ఇదే లెక్క. దూలాన్ని స్తంభానికి బోల్టులతో కలిపితే విప్పి తీయొచ్చు. వెల్డింగ్ చేస్తే గ్యాస్ కట్టర్ పెట్టాల్సిందే, దూలం పొట్టిదైపోయి తుక్కు లెక్కలోకి వెళ్తుంది. దూలం పైన స్టడ్లు (కాంక్రీటుని పట్టుకునే చిన్న స్టీలు మేకులు) వెల్డ్ చేసి కాంక్రీటు పోసే కాంపోజిట్ స్లాబు ఇంకా మొండిది. వెల్డ్ చేసిన స్టడ్ల బదులు బోల్టులతో బిగించే కనెక్టర్లు అడగండి. గట్టిగా బిగించిన ఫ్రిక్షన్ గ్రిప్ బోల్టుల్ని (ప్లేట్లని నొక్కిపట్టి, రాపిడితోనే అతుకుని నిలబెట్టేవి) మాత్రం రెండోసారి వాడకండి, కొత్తవి వేయండి.

కాంక్రీటుని నలిపి కంకర చేయడాన్ని పునర్వినియోగం అంటున్నారు, నాకు అది మింగుడుపడదు. ఆ కంకరకి పాత మాలు అంటుకునే ఉంటుంది, నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ముందే తడపకపోతే కాంక్రీటు పోసేలోపే బిగుసుకుంటుంది. పైగా సిమెంటు మళ్లీ కొత్తగా కొనాల్సిందే. స్లాబుని స్లాబుగా, దూలాన్ని దూలంగా వాడినప్పుడే అసలు ఆదా. లండన్ హైడ్ పార్కులో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌ని విప్పి, ఆ భాగాలకు కొత్తవి కలిపి సిడెన్‌హామ్‌లో ఇంకా పెద్దగా కట్టి 1854లో తెరిచారు. ఒకే కొలతల భాగాలతో కట్టడం వల్లే అది కుదిరింది.

గోడకి గాడి కొట్టి పైపులు, వైర్లు పూడ్చడం ఎప్పటికి మానతారో! పైపుల ఆయుష్షు గోడకంటే తక్కువ. ఒక్క లీకేజీకి గోడంతా పగలగొడతారు. పైపుల్ని డక్టులో, అంటే వాటికోసం వదిలిన ఖాళీ గూడులో పెట్టి, దాని తలుపు స్క్రూలతో బిగించండి. స్ప్రే ఫోమ్ ఇన్సులేషన్ కూడా అంతే, చెక్కకీ ఇటుకకీ అతుక్కుపోయి రెండింటినీ పాడుచేస్తుంది. పలకల రూపంలో దొరికేది పెట్టండి.

ఇవన్నీ చేసినా కాగితం లేకపోతే ఇబ్బందే. గ్రేడు, అంటే స్టీలు బలం తరగతి, తెలియని దూలాన్ని ఏ ఇంజనీరూ ముక్క కోసి పరీక్షించకుండా ఒప్పుకోడు. విప్పదీయడానికి వీలైన డిజైన్ మీద ఐఎస్ఓ 20887 అని 2020లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఉంది, చదవండి. ఈలోగా మిల్లు సర్టిఫికెట్లు (స్టీలు తయారుచేసిన కంపెనీ ఇచ్చే పరీక్ష కాగితాలు), మాలు పాళ్లు, బోల్టు సైజులు, ఏది ముందు విప్పాలన్న క్రమం డ్రాయింగుల మీదే రాయించి, ఒక కాపీ ఇంటి పత్రాలతో కలిపి పెట్టండి. దూలాల మీద గ్రేడు, పొడవు పెయింటుతో కాకుండా పంచ్ కొట్టించండి.