మోకాలి వెనక పెద్ద రక్తనాళం తెగితే స్టెంట్ వేస్తే చాలదా? కోసే కుట్టాలా?

మోకాలి దగ్గరైతే కోసి కుట్టించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఛాతీలో బృహద్ధమని చిరిగితే ఇప్పుడు స్టెంట్ గ్రాఫ్టే, అంటే గుడ్డ తొడుగున్న స్టెంటే, ముందు చూస్తున్నారు, కాదనను. కానీ మోకాలు రోజంతా మడిచి చాపే చోటు. పైగా నాళం పూర్తిగా తెగాక, స్టెంట్ ఎక్కించే వైరు ఈ కొస నుంచి ఆ కొసకి దాటడమే కష్టం.

మాది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి. మా బావ మీదకి ట్రాక్టర్ ఒరిగి, మోకాలు పక్కకి తప్పి, దానంతటదే మళ్ళీ కూర్చుంది. అదే కొంప ముంచింది. ఇక్కడో నర్సింగ్‌హోమ్‌లో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, వాపు తగ్గాక చూద్దామని కట్టు కట్టి పడుకోబెట్టారు. పాదం పట్టుకు చూసింది మా అక్కే. "చల్లబడిపోనాదిరా" అంది. వేళ్ళు గిల్లినా బావకి తెలియట్లేదు. ఇంకెవర్నీ అడక్కుండా పాతపట్నం దాటి, శ్రీకాకుళం మీదుగా విశాఖ తీసుకుపోయాం.

అక్కడి సర్జన్ ఫిల్ము వైపే చూడలేదు. దుప్పటి తీసి రెండు పాదాల మీదా చెరో చెయ్యి వేశాడు. తర్వాత రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నంత డాప్లర్ పెట్టాడు. మంచి కాలికి ఫుస్ ఫుస్‌మని చప్పుడు, దెబ్బ కాలికి ఏమీ లేదు. 6 గంటలు దాటితే కండరం చచ్చిపోతుంది, కాలు తీయాల్సి రావచ్చు, సంతకం పెట్టండన్నాడు. తెగిన నాళానికి అతుకు వేయడానికి బాగున్న కాల్లోంచి సిర తీస్తామనేసరికి అక్క లబోదిబోమంది, "ఆ కాలు కూడా పోతాదేటి?" అని. దెబ్బ కాల్లో లోపలి సిరలూ చితికి ఉంటే రక్తం వెనక్కి రావడానికి పైసిరలే దిక్కు, వాటిని ముట్టుకోరు. తీసిన సిరని తిరగేసి కుడతారు, లేకపోతే దాని కవాటాలే రక్తానికి అడ్డు.

తర్వాత పిక్కకి రెండు పక్కలా పొడుగ్గా కోసి వదిలేశారు. రక్తం మళ్ళీ పారగానే కండరం ఉబ్బి నలిగిపోతుంది కదా, అందుకు. పరామర్శకొచ్చిన పెదనాన్న అది చూసి "కుట్టడం మర్చిపోనారు" అని వార్డంతా చాటాడు.

ఖర్చు అడక్కండి. ఆంధ్రా ఆరోగ్య కార్డు మాకివ్వరు, ఒడిశా కార్డు అక్కడ చెల్లదన్నారు. సరిహద్దు బతుకంటే ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో మోకాలి వెనక ఈ నాళం తెగితే ముడేసి వదిలేసేవారు. 1946లో అమెరికా సర్జన్లు డెబేకీ, సిమియోన్ అచ్చేసిన లెక్కల్లో అలాంటివాళ్ళలో నూటికి 70 మందికి పైగా కాలు పోయింది. కొరియా యుద్ధంలో కుట్టడం మొదలెట్టాక, ధమని గాయాలన్నీ కలిపి చూస్తే కాళ్ళూ చేతులూ తీసేయాల్సి రావడం 13 శాతానికి దిగింది. మా చుట్టుపక్కల మాత్రం పోయిన కాళ్ళలో సగం దెబ్బకి కాదు, ఆలస్యానికీ, నూనె రాసి పిండేవాళ్ళకీ పోయాయనే అంటాను. ఆ పెన్ను డాప్లర్ ఒక్కటి ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ పెట్టొచ్చు. ఎక్స్‌రే మిషన్ కొన్నవాళ్ళకి అదో లెక్కా?