వెజేర్ లోయలో పరుగు దారుల గురించి మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అక్టోబరు నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి తులూజ్ నుంచి నైరుతి ఫ్రాన్సులోని వెజేర్ లోయకు వస్తున్నానని, మోంటిన్యాక్ నుంచి లెజేజీ దాకా నది వెంట ఒక్క రోజులో పరుగెత్తి, దారిలో ఆదిమానవుల బొమ్మలకు పేరుపడ్డ లాస్కో గుహతో మొదలుపెట్టి అన్నీ చూసేయాలనుకుంటున్నానని రాశావు. ఈ ప్రాంతంలో చాలాకాలం ఉండి, ఈ దారుల్లో పరుగెత్తుతూనే వయసు మళ్లినవాణ్ణి కనుక సూటిగా చెబుతాను: ఆ పథకం వద్దు. కొండదారుల మీద ఆ దూరం 30 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. నీ కాళ్లకు అది పెద్ద కష్టం కాకపోవచ్చు, కానీ అలా వస్తే చూడవలసిన ప్రతి చోటునూ మూసిన తలుపుల ముందు నుంచో, టికెట్లు అయిపోయాయన్న బోర్డు ముందు నుంచో దాటిపోతావు.

మొదట ఈ లోయ నిర్మాణం అర్థం చేసుకో. మిల్వాష్ పీఠభూమి మీద పుట్టిన వెజేర్ 211 కిలోమీటర్లు ప్రవహించి లిమోయ్ గ్రామం దగ్గర దోర్దోన్ నదిలో కలుస్తుంది. మోంటిన్యాక్ దాటిన తరువాత అది సున్నపురాయిని కోసుకుంటూ మెలికలు తిరుగుతుంది, ఆ మెలికల వెలుపలి ఒడ్డున నిలువు కొండచరియలు లేస్తాయి. చలికి, నీటికి రాతిలోని మెత్తని పొరలు ఊడిపోవడంతో చరియల అడుగున చూరుల వంటి ఆశ్రయాలు ఏర్పడ్డాయి. ఆదిమానవులు ఇక్కడ వేల తరాల పాటు నివసించడానికి ఒక ప్రధాన కారణం ఆ చూరులే. 1979లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి మూలమూ అక్కడే ఉంది. నీ దారి ఎందుకు అస్తమానం ఎక్కుతూ దిగుతూ ఉంటుందో కూడా ఆ చరియలే చెబుతాయి. చరియ నదికి ఆనుకున్న చోట ఒడ్డున కాలిబాటకు చోటుండదు, పైకెక్కి ఓక్ అడవి గుండా వెళ్లి మళ్లీ దిగాలి. ఒక్కో ఎక్కుడు వంద మీటర్లకు పైగా ఉంటుంది. కనుక పటం మీద కనిపించే దూరాన్ని బట్టి సమయం లెక్క వేసుకోకు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు చూసినదానివి కనుక సున్నపురాయి నీకు కొత్త కాదు, కానీ ఇక్కడి రాయి శరదృతువులో తడిసి, రాలిన ఆకుల కింద దాగి ఉంటుంది. దిగుడులో అది చాలా జారుడు. అడుగున గాడులు లోతుగా ఉన్న ట్రెయిల్ బూట్లు తెచ్చుకో.

నది పక్కన తారురోడ్డు ఉంది కదా అని అడుగుతావేమో. డీ 706 అనే ఆ రోడ్డు ఇరుకైనది, చాలా చోట్ల అంచున నడిచేందుకు జాగా లేదు, మలుపుల్లో ఎదుటి బండి కనిపించదు. తప్పనిసరిగా కొంత దూరం దాని మీద వెళ్లవలసి వస్తే ఎడమ పక్కన, వచ్చే బళ్లకు ఎదురుగా పరుగెత్తు. మిగిలినంతా గుర్తులున్న కాలిబాటల మీదనే సాగు. ఎరుపు, తెలుపు పట్టీలు దూరపు దారులకు గుర్తు. అలాంటి దూరపు దారులైన జీఆర్ 36, జీఆర్ 6 రెండూ లెజేజీలో కలుస్తాయి. పసుపు పట్టీలు ఊరి చుట్టూ తిరిగి వచ్చే చిన్న దారులవి. అడ్డంగా గీసిన ఇంటూ గుర్తు కనిపిస్తే అది నీ దారి కాదు, వెనక్కి తిరుగు. 1:25,000 కొలతలో ఐజీఎన్ (ఫ్రాన్సు ప్రభుత్వ పటాల సంస్థ) పటాన్ని ఫోనులో దింపుకొని పెట్టుకో, ఎందుకంటే పక్క లోయల్లో సిగ్నలు తరచు పోతుంది.

బస లెజేజీలో పెట్టుకో. ఆజాన్, పెరిగ్యో పట్టణాల మధ్య నడిచే ప్రాంతీయ రైలు అక్కడ ఆగుతుంది కనుక తులూజ్ నుంచి ఆజాన్ మీదుగా రావచ్చు. మోంటిన్యాక్‌కు రైలే లేదు. 1868లో మట్టి పనులు జరుగుతున్నప్పుడు క్రో మాన్యోన్ అనే ఆదిమానవుల అస్థికలు బయటపడిన రాతి ఆశ్రయం స్టేషనుకు దగ్గరలోనే ఉంది. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు, కానీ వెళ్లిరావడానికి పెద్ద సమయమూ పట్టదు. జాతీయ ప్రాగైతిహాసిక మ్యూజియం మాత్రం ఒక పూట తీసుకుంటుంది, దానికి పరుగు లేని రోజు కేటాయించు. అక్టోబరులో మంగళవారం మూసి ఉంటుందని గుర్తుంచుకో.

నాలుగు రోజుల్లో నీవు తప్పకుండా పరుగెత్తవలసిన దారి ఒక్కటే చెప్పమంటే, వెజేర్ వెంట ఉన్నది కాదు, దాని ఉపనది బెయూన్ లోయలోనిది అంటాను. లెజేజీ నుంచి తూర్పుగా కొమార్క్ కోట దాకా రానూపోనూ 18 నుంచి 20 కిలోమీటర్లు వస్తుంది, మనుషులు తక్కువ, అడవి ఎక్కువ. ఊరు దాటగానే ఫోన్ ద గోమ్ గుహ, ఆ తరువాత కొంబరెల్ గుహ వస్తాయి. 1901 సెప్టెంబరులో నాలుగు రోజుల తేడాతో ఈ రెండింటి గోడల మీది బొమ్మలను లోకానికి తెలియజేసిన ముగ్గురిలో దెనీ పెయ్‌రోనీ లెజేజీలో బడిపంతులు. గుహల్లోని బొమ్మలు నిజంగా అంత ప్రాచీనమైనవేనా అని పండితులు వాదించుకుంటున్న కాలమది. ఈ రెండు గుహలతో ఆ వాదం దాదాపు సద్దుమణిగింది. ఆ తరువాత దారి బెయూన్ చిత్తడి నేలకు పక్కగా, అడవి అంచున సాగి, చివరకు ఒక మలుపులో ఎదురెదురుగా రెండు కోటలను చూపిస్తుంది. ఈ ఒడ్డున శిథిలమైన కొమార్క్, ఆ ఒడ్డున లోసెల్. లోసెల్ కింద చరియలో 1911లో దొరికిన స్త్రీమూర్తి, చేతిలో కొమ్ము పట్టుకున్నది, ఇప్పుడు బోర్డో మ్యూజియంలో ఉంది. కొమార్క్ బురుజు ఎక్కే ఓపిక మిగుల్చుకో, అక్కడి నుంచి లోయ అంతా కనిపిస్తుంది. శీతకాలంలో ఆ కోట మూసేస్తారు కనుక తేదీలు ముందే చూసుకో.

లోసెల్‌కు దగ్గరలోనే కాప్ బ్లాన్ ఉంది. 1909లో బయటపడిన ఆ ఆశ్రయంలో గుర్రాలను రాతిలో ఉబ్బెత్తుగా చెక్కారు. వయసు సుమారు 15,000 ఏళ్లు. నా అభిప్రాయంలో ఈ లోయ మొత్తానికీ దాన్ని మించిన శిల్పం లేదు, అయినా జనం లాస్కోకు ఎగబడతారు.

ఫోన్ ద గోమ్ విషయంలో కొంచెం గట్టిగా చెప్పాలి. ఫ్రాన్సులో పలు రంగులతో చిత్రించిన అసలు గుహల్లో సందర్శకులను ఇంకా లోపలికి పంపుతున్నది అదొక్కటే. జనం ఊపిరి, తేమ బొమ్మలను పాడుచేయకుండా రోజుకు కొద్దిమందినే, చిన్న గుంపులుగా పంపిస్తారు. ముందు ఆ టికెట్ సంపాదించి, దాని వేళను బట్టి పరుగు వేళ నిర్ణయించుకోవాలి తప్ప, పరుగు మధ్యలో ఆగి లోపలికి వెళ్దామనుకుంటే కుదరదు. పైగా గుహలో సంచులు అనుమతించరు, నీళ్ల సంచీ కూడా బయటే వదలాలి. లోపలి ఉష్ణోగ్రత ఎప్పుడూ సుమారు 13 డిగ్రీలు ఉంటుంది. చెమటతో తడిసిన చొక్కాతో నిమిషాల తరబడి కదలకుండా నిలబడితే పిక్కలు పట్టేస్తాయి, జలుబు తప్పదు. ఉదయం పరుగు ముగించి, బసలో స్నానం చేసి, పొడి బట్టలతో మధ్యాహ్నం గుహకు వెళ్లడమే సరైన పద్ధతి.

రెండో దారి లెజేజీ నుంచి ట్యూర్సాక్, లె ముస్తియే మీదుగా ల రోక్ సాన్ క్రిస్తోఫ్ దాకా. నీవు కోరుకున్న నదీ దృశ్యం ఇక్కడ దొరుకుతుంది. ట్యూర్సాక్ దగ్గర వంతెన దాటి పక్కకు వెళితే ల మద్‌లెన్ వస్తుంది. 1864లో ఏనుగు దంతం వంటి మామత్ దంతం మీద మామత్ బొమ్మనే చెక్కిన ముక్క దొరికింది అక్కడే. ల రోక్ సాన్ క్రిస్తోఫ్ దాదాపు కిలోమీటరు పొడవు, 80 మీటర్ల ఎత్తు ఉన్న చరియ. దాని అరుగుల మీద మధ్యయుగంలో ఒక ఊరే ఉండేది, మతయుద్ధాల కాలంలో 1588లో దాన్ని కూల్చివేశారు. అక్కడి నుంచి సాన్ లియోన్ సుర్ వెజేర్ ఇంకొన్ని కిలోమీటర్లు. నది ఒడ్డున ఉన్న ఆ ఊరి రోమనెస్క్ చర్చి 12వ శతాబ్దానిది. తిరుగు ప్రయాణానికి టాక్సీ ముందురోజే మాట్లాడుకో, ఊళ్లో అప్పటికప్పుడు దొరకదు.

మూడో రోజుకు సులువైనది ఉంది. లెజేజీ నుంచి దిగువకు లె బ్యూగ్ దాకా పది పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తి, వెనక్కి రైలెక్కు. లాస్కోకు మాత్రం పరుగు ఆలోచన మాని ఎవరి కారులోనైనా వెళ్లు. 1940 సెప్టెంబరు 12న కుర్రాళ్లు కనుగొన్న అసలు గుహను 1963లోనే మూసేశారు. కొండ కింద 2016లో తెరిచిన ప్రతిరూపాన్ని ఇప్పుడు చూడవచ్చు. ప్రతిరూపమని చిన్నచూపు చూడకు, చాలా శ్రద్ధతో చేశారు.

ఇక అక్టోబరు జాగ్రత్తలు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట కాలం. అడవిపందుల కోసం గుంపుగా వేటాడేటప్పుడు బాట మొదట్లో హెచ్చరిక బోర్డు పెడతారు. అది కనిపిస్తే వాదన లేకుండా వేరే దారి పట్టు. నారింజ రంగు చొక్కా వేసుకో, రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకు. నెల మధ్యలో ఎనిమిది దాటాక గానీ తెల్లవారదు, ఆ పైన లోయలో పొగమంచు పదింటి దాకా ఉండవచ్చు, కనుక తొందరపడి చీకట్లో బయలుదేరకు. దారి పొడవునా అక్రోటు తోటలుంటాయి. అది కోత కాలం. నేల మీద పడి ఉన్నాయి కదా అని ఏరుకోవద్దు, అవి రైతు పంట. నీళ్లకు ఊరి శ్మశానాల దగ్గర కుళాయిలుంటాయి, కానీ "ఓ నోన్ పొతాబ్ల్" (తాగడానికి పనికిరాని నీరు) అని రాసి ఉంటే తాగకు. ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనుక, నడుము దగ్గర గోమార్లు పట్టాయేమో చూసుకో. వానలు బాగా కురిస్తే నది ఒడ్డు బాటలు మునుగుతాయి, విజిక్రూ అనే ప్రభుత్వ వరద హెచ్చరికల పేజీలో వెజేర్ పేరు చూసి బయలుదేరు. ఏదైనా జరిగితే 112కు ఫోను చేయి.

ఆదివారం రైళ్లు చాలా తక్కువ కనుక తిరుగు ప్రయాణం శనివారమో సోమవారమో పెట్టుకో. ఫోన్ ద గోమ్ టికెట్ ఏ రోజుకు దొరికిందో నాకు రాయి, దాన్ని బట్టి మిగిలిన రోజుల దారులను పటం మీద గీసి పంపిస్తాను.

ఇట్లు,
మామయ్య