రక్తనాళాల పాఠం రాలేదని బీడీఎస్ మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ మొదటి సంవత్సరం. పుట్టకముందు నోటికి, ముఖానికి రక్తనాళాలు ఎలా ఏర్పడతాయన్న పాఠం ఎంత చదివినా నిలవడం లేదు, ఇంటర్నల్స్‌లో తప్పింది. రోజూ ఏడుపే. మానిపించి నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేస్తే ఎంబీబీఎస్ వస్తుందంటున్నారు. ఏది మేలు? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ఎంబీబీఎస్‌లో చేరినా మొదటి ఏడాది అనాటమీలో ఈ పాఠమే ఎదురవుతుందండీ. అవే ఫారింజియల్ ఆర్చ్‌లు (పిండానికి మెడ దగ్గర వచ్చే వంపులు), అవే ధమనులు.

దీన్ని పట్టికలా బట్టీ పడితే నిలవదు. ఇందులో ధమనులు ఒకపక్క పుడుతుంటే ఇంకోపక్క మాయమవుతుంటాయి. పెన్సిల్‌తో మూడు బొమ్మలు వేయమనండి. మొదటి బొమ్మలో, పిండానికి 4వ వారంలో, గుండె దగ్గరి సంచి అయోర్టిక్ శాక్ నుంచి వెనకున్న పెద్ద ధమని డార్సల్ అయోర్టాకు, ఆర్చ్‌ల గుండా వెళ్లే ధమనులు. రెండో బొమ్మలో మొదటి ఆర్చ్ ధమని చాలావరకు పోయి, మిగిలిన ముక్క దవడల వైపు వెళ్లే మాక్సిలరీ ధమనిలో చేరుతుంది. రెండో ఆర్చ్ ధమని నుంచి స్టెపీడియల్ అనే ధమని, మూడో ఆర్చ్ ధమని నుంచి మెడలోని పెద్ద ధమని కామన్ కెరోటిడ్ వస్తాయి. కొంతకాలం ముఖానికి రక్తం అందించేది స్టెపీడియలే, అంటే మెదడుకు వెళ్లే ఇంటర్నల్ కెరోటిడ్ వైపు నుంచన్నమాట. 7వ వారం ప్రాంతంలో ముఖం వైపు వెళ్లే ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ కొమ్మ వచ్చి దాని శాఖలకు అతుక్కుంటుంది. ఇది మూడో బొమ్మ. ఇక్కడ స్టెపీడియల్ మొదలును రబ్బరుతో చెరిపేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే, ధమని మొత్తం పోతుందని రాసేస్తారు. పోయేది మొదలే. శాఖలు మెదడు పొరలకు వెళ్లే మిడిల్ మెనింజియల్‌గా, మాక్సిలరీ శాఖలుగా మిగులుతాయి. పెదవి, అంగిలి ఏర్పడే రోజుల్లోనే ఈ మార్పిడి జరుగుతుంది కాబట్టి, అప్పుడు రక్తం చాలకపోతే చీలిక రావచ్చని పాఠంలో చెబుతారు. మనమేమో గ్రహణం మొర్రి అని నేరం గ్రహణం మీదికి నెట్టేస్తాం!

ఇక లాంగ్‌టర్మ్. దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఫిజిక్స్ మళ్లీ మొదటి నుంచి పట్టాలి. ఎంబీబీఎస్ రాకపోతే ఇప్పుడు వదిలే బీడీఎస్ సీటు కోసమే మళ్లీ కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. సీటు వదిలితే బాండ్ షరతులేమిటో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు ఇస్తారో కాలేజీలో అడిగారా? అడగకుండానే నిర్ణయం దాకా వచ్చేశారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఒక్క ఇంటర్నల్ తప్పితే ఏ పిల్లా రోజూ ఏడవదు. "ఏదో డెంటల్‌తో సరిపెట్టుకున్నాం" అని చుట్టాల దగ్గర మీరు అంటుంటే వినే ఉంటుంది. మొర్రి, అంగిలి ఆపరేషన్లు చేసేవాళ్లలో బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ (డెంటల్ పీజీ)లో ఓరల్ సర్జరీ చదివినవాళ్లూ ఉన్నారు. ఆ పనికి పునాదుల్లో ఈ పాఠమూ ఒకటి. ఆమె తెలివికి వచ్చిన లోటేమీ లేదు.

ఈ ఆదివారం బొమ్మలు వేయనివ్వండి. మధ్యలో ఫోన్ చేసి మార్కులు అడక్కండి.