సింగపూర్ పోయింది 1942లో కాదు

"ఫిరంగులన్నీ సముద్రం వైపే పెట్టడం వల్ల 1942లో జపాన్ దాడిలో బ్రిటన్ సింగపూర్‌ని పోగొట్టుకుందా?" అని అడిగారు. కాదు. సింగపూర్ 1922 ఫిబ్రవరిలోనే, వాషింగ్టన్‌లో నౌకాదళాల పరిమితి ఒప్పందంపై సంతకాలు పెట్టిన రోజే పోయిందని నా నమ్మకం.

నేను ఏడేళ్లు సింగపూర్ ఉత్తరాన, ఒకప్పటి బ్రిటిష్ నౌకా స్థావరం ఉన్న సెంబవాంగ్‌లో ఉన్నాను. నాన్న వచ్చినప్పుడు చాంగీలో జొహోర్ బ్యాటరీ అనే పాత ఫిరంగి స్థావరానికి తీసుకెళ్లాను. అక్కడ మూడు 15 అంగుళాల ఫిరంగులు ఉండేవి, ఇప్పుడున్నది నమూనా. పక్కనే ఒక గైడు "ఇవి వెనక్కి తిరగవు" అని చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. తిరిగాయి, ఉత్తరాన జపాన్ సైన్యం ఉన్న జొహోర్ వైపు పేలాయి కూడా. కాకపోతే గుండ్లలో ఎక్కువ భాగం ఓడల కవచం చీల్చే రకం, కాల్బలం మీద అంతగా పనిచేయవు.

నాన్నకి అసలు ప్లాన్ చెప్పాను. 1902 నుంచి జపాన్‌తో ఉన్న పొత్తుని బ్రిటన్ అమెరికా కోసం వదులుకుంది. బ్రిటన్, అమెరికా, జపాన్ యుద్ధనౌకలు 5:5:3 నిష్పత్తిలో ఉండాలని ఒప్పుకుంది. తూర్పున పెద్ద నౌకాదళం పెట్టే స్తోమత లేదు కాబట్టి సింగపూర్‌లో స్థావరం కట్టి, గొడవొస్తే యూరప్ నుంచి ఓడలు పంపుదామనుకుంది. నాన్న ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. "చెరువుకి గండి పడ్డాక బెజవాడ నుంచి ఇసుక బస్తాలు తెప్పించడమా?" అన్నారు.

సరిగ్గా అదే. మొదట 42 రోజుల్లో ఓడలొస్తాయన్నారు. 1939 సెప్టెంబరుకి అది 180 రోజులైంది. పైగా పదేళ్లదాకా పెద్ద యుద్ధం రాదనే లెక్కతో 1919 నుంచి 1932 వరకు రక్షణ ఖర్చు బిగబట్టారు. 1924లో బ్రిటన్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రభుత్వం స్థావరం పనే ఆపేసింది, తర్వాతి ప్రభుత్వం మళ్లీ మొదలుపెట్టింది. న్యూజిలాండ్ 10 లక్షల పౌండ్లు ఇచ్చింది. సెంబవాంగ్‌లో ఇప్పటికీ బ్రిటిష్ సామ్రాజ్యంలోని నగరాలైన వెల్లింగ్టన్, కాన్‌బెర్రా, డర్బన్ పేర్లతో వీధులున్నాయి. 1938లో స్థావరం ప్రారంభమైంది, కానీ అందులో ఉంచడానికి నౌకాదళం లేదు. చివరికి వచ్చిన రెండు పెద్ద నౌకలనూ 1941 డిసెంబర్ 10న జపాన్ విమానాలు ముంచేశాయి.

మన పాఠ్యపుస్తకాలు వర్సాయ్ నుంచి నేరుగా హిట్లర్‌కి దూకేస్తాయి. ఈ ఇరవై ఏళ్లలో మనం కూడా ఉన్నాం. వాషింగ్టన్ ఒప్పందంపై భారత్ తరఫున సంతకం పెట్టింది మద్రాసు రాష్ట్రానికి చెందిన శ్రీనివాస శాస్త్రిగారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో లొంగిపోయినవాళ్లలో భారత సైనికులు వేలకు వేలు.